బస్తీవాళ్లకు కరోనా ఏమీ చేయలేదంటున్నారు, ఇందులో నిజమెంత?

హైస్కూల్_టీచరమ్మ అడిగారు:

అందరికీ నమస్తే. మొన్న చుట్టాల గృహప్రవేశానికి వెళ్తే భోజనాల దగ్గర కరోనా రోజుల మాట వచ్చింది. నాకు బాబాయి వరసయ్యే ఒకాయన "ఎవరెన్ని చెప్పినా ఆ రోగం డబ్బున్నవాళ్లనే పట్టింది, బస్తీల్లో వాళ్లకు ఏమైంది? రోజూ ఆ మురికిలో బతుకుతారు కాబట్టి వాళ్ల ఒళ్లు రాటుదేలి ఉంటుంది, ఏసీల్లో కూర్చున్న మనవాళ్లే పోయారు" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లంతా నిజమే నిజమే అని తలూపారు. నాకు ముద్ద గొంతు దిగలేదు. కానీ ఎదురు చెప్పడానికి నా దగ్గర లెక్కలేవీ లేవు, కళ్లతో చూసింది మాత్రమే ఉంది.

నేను హైదరాబాద్‌లో ఒక సర్కారు హైస్కూల్లో పాఠాలు చెప్తాను, పిల్లలందరూ చుట్టుపక్కల బస్తీలవాళ్లే. 2020 మార్చిలో బడి మూతపడింది. సెప్టెంబర్ 1 నుంచి టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో టీవీ పాఠాలు మొదలయ్యాయి. ఎవరు చూశారో ఎవరు చూడలేదో మేం రోజూ ఫోన్ చేసి రాసుకోవాలి. చేస్తే తండ్రి ఎత్తేవాడు, "మేడమ్, నేను ఆటో మీద ఉన్నా, ఫోన్ నా దగ్గరే ఉంది, రాత్రి ఇంటికి పోయినంక పిల్లకు ఇస్తా" అని. రాత్రి తొమ్మిదింటికి పిల్ల చేతికి ఫోన్ వచ్చేసరికి డేటా అయిపోయేది. ఒకమ్మాయి ఇంట్లో టీవీ ఉంది కానీ కేబుల్ డబ్బులు కట్టలేదని కనెక్షన్ తీసేశారు, పక్కింట్లో చూడమంటే "వాళ్లు లోపలికి రానిస్తలేరు మేడమ్, కరోనా కదా" అంది.

2021 ఫిబ్రవరి 1న తొమ్మిదో తరగతికి బడి తెరిచాం. మొదటివారం హాజరు తీస్తుంటే నాలుగు పేర్లకు ఎవరూ పలకలేదు. ఒకడు బిర్యానీ సెంటర్లో ప్లేట్లు కడుగుతున్నాడని పిల్లలే చెప్పారు. ఒకమ్మాయికి ఊళ్లో పెళ్లి చేసేశారు. మిగతా ఇద్దరి ఇళ్లకు నేనే వెళ్లాను, తాళాలు కూడా లేవు, వేరే కుటుంబాలు అద్దెకు దిగి ఉన్నాయి. వాళ్లు ఎటు పోయారో ఇప్పటికీ తెలియదు.

ఈ నలుగురిలో ఎవరి పేరూ ఏ కరోనా బులెటిన్‌లోనూ ఉండదు. అయితే వీళ్లకు ఏమీ కాలేదనే అనుకోవాలా? బస్తీల్లో వైరస్ నిజంగానే తక్కువ పాకిందా? తెలిసినవాళ్లు చెప్పండి, మీ ఇంట్లో, మీ వీధిలో జరిగింది ఉన్నా రాయండి. ఈసారి ఆయనకు జవాబు చెప్పాలి.

---

ముంబై_తెలుగోడు జవాబు:

టీచర్ గారూ, మీ బాబాయి గారికి సూటిగా చెప్పగలిగే లెక్క మా ముంబైలో ఉంది. 2020 జులైలో ఇక్కడి కార్పొరేషన్, నీతి ఆయోగ్, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ కలిసి మూడు వార్డుల్లో దాదాపు 7,000 మంది రక్తం తీసి పరీక్షించారు. మురికివాడల్లో ఉన్నవాళ్లలో 57 శాతం మందికి అప్పటికే కరోనా వచ్చి పోయింది. అవే వార్డుల్లో అపార్ట్‌మెంట్లలో, మామూలు ఇళ్లలో ఉన్నవాళ్లలో 16 శాతం మందికే. మధ్యలో ఒక్క రోడ్డు అడ్డం, రోడ్డుకు ఆ పక్క మూడున్నర రెట్లు ఎక్కువ. బస్తీలో పాకలేదనడం కాదు, ముందు పాకిందే అక్కడ.

దీనికి కారణం ఎవరి ఒంట్లోనో లేదు. పొద్దున ఐదింటికి వచ్చి మా దగ్గర పబ్లిక్ మరుగుదొడ్డి ముందు నిలబడితే తెలుస్తుంది. చేతిలో డబ్బాతో ముప్పై నలభై మంది లైన్, ముందువాడి వీపు నీ ఛాతీకి తగులుతుంది, లోపల నుంచి ఒకరు బయటకు రాగానే అదే గొళ్లెం ఇంకొకరు పట్టుకోవాలి. టీవీలో ఆరడుగుల దూరం అని చెప్తుంటే మా గల్లీ వెడల్పే ఆరడుగులు లేదు.

మరి చావులు తక్కువ కనబడ్డాయి కదా అని అడుగుతారు, దానికీ జవాబుంది. మురికివాడల్లో కుర్రవాళ్లు ఎక్కువ, ముసలివాళ్లు తక్కువ, ఈ వైరస్ ఎక్కువగా చంపింది ముసలివాళ్లను. దానికితోడు పరీక్షే చేయించుకోకుండా ఇంట్లోనే కన్నుమూసిన మనిషి కరోనా ఖాతాలో పడడు కదా.

ఇక్కడి పెద్ద మురికివాడ ధారావి సంగతి కూడా రాస్తాను, ఎందుకంటే "అక్కడ ఏం కాలేదు" అని చెప్పేవాళ్లందరూ దాన్నే చూపిస్తారు. 2020 ఏప్రిల్ 1న అక్కడ మొదటి కేసు వచ్చింది. రెండున్నర చదరపు కిలోమీటర్లు కూడా లేని చోట ఎనిమిది లక్షలకు పైగా మనుషులు. అక్కడ కేసులు తగ్గింది ఒంటి బలంతో కాదు. ఇంటింటికీ తిరిగి జ్వరం చూశారు, ఆ ఇళ్లలో హోం ఐసొలేషన్ కుదరని పని అని తెలిసి లక్షణాలు ఉన్నవాళ్లను స్కూళ్లకూ ఫంక్షన్ హాళ్లకూ మార్చి మూడు పూటలా తిండి పెట్టారు, మరుగుదొడ్లు రోజుకు ఎన్నోసార్లు మందుతో కడిగారు, అక్కడి ప్రైవేటు డాక్టర్లను కలుపుకున్నారు. ఆ డిసెంబర్ 25న ఒక్క కొత్త కేసూ లేని రోజు వచ్చింది.

పాత సంగతి ఒకటి. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో ఇదే బొంబాయిలో చావుల లెక్క కులాలవారీగా, మతాలవారీగా రాసి పెట్టారు. యూరోపియన్లలో వెయ్యికి 8 మంది చనిపోతే, ఆ రికార్డుల్లో 'తక్కువ కులం హిందువులు' అని రాసినవాళ్లలో వెయ్యికి 61 మంది. ఆ జ్వరం ఎక్కువగా వయసులో ఉన్నవాళ్లనే తీసుకుపోయింది కాబట్టి ముసలితనం మీదకు నెట్టడానికి లేదు. ఇరుకు ఇల్లు, సరిపడా లేని తిండి, మందు ఇచ్చే మనిషి లేకపోవడం, నాకు కనబడే కారణాలు ఇవే. నేను పని చేసే చోటికి దగ్గర్లోనే కామాఠిపురా ఉంది, ఆ పేరు మన వైపు నుంచి వచ్చిన కామాటి కూలీల వల్లే వచ్చింది. ఆ వెయ్యికి 61లో మన తెలుగువాళ్లు ఎందరో అని చాలాసార్లు అనుకుంటాను.

---

బోరబండ_బిడ్డ జవాబు:

మేడమ్, నేను ఇలాంటి చోట ఎప్పుడూ రాయలేదు, మీ ప్రశ్న చదివాక ఉండలేకపోయాను.

2020లో మేం ఐదుగురం ఒకే గదిలో ఉన్నాం. గది పది బై పది, వంటా పడకా అందులోనే. బాత్‌రూం నాలుగు కుటుంబాలకు ఒక్కటి. నల్లా రోజు విడిచి రోజు వచ్చేది, డ్రమ్ము నిండితే రెండు రోజులు దాంతోనే గడవాలి. గంటకోసారి ఇరవై సెకన్లు చేతులు కడగమని ఫోన్ ఎత్తినప్పుడల్లా చెప్పేవాళ్లు, అలా కడిగితే రెండోరోజు తాగడానికి ఉండేది కాదు.

అమ్మ ఐదు ఇళ్లలో పని చేసేది. లాక్‌డౌన్ పెట్టాక రెండు ఇళ్లవాళ్లు రావొద్దు కానీ జీతం తీసుకో అన్నారు, వాళ్లకు ఈ రోజుకీ దండం పెడతాను. మూడు ఇళ్లవాళ్లు ఫోనే ఎత్తలేదు. నాన్న సెంట్రింగ్ పని, పొద్దున్నే అడ్డా మీద నిలబడితే మేస్త్రి వచ్చి పిలుచుకుపోవాలి. అడ్డాయే లేకపోతే పని ఎక్కడిది? సర్కారు మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1,500 రూపాయలు ఇచ్చింది, అబద్ధం చెప్పను, ఆ నెల మాకు అవే దిక్కు. మూడు నెలలు అద్దె అడగొద్దని కూడా ఆర్డర్ వచ్చింది. కానీ మా ఇంటి ఓనరమ్మ భర్త లేని మనిషి, ఆమె పొయ్యి వెలిగేదే మా నాలుగు గదుల అద్దెతో. ఆమె తలుపు దగ్గర నిలబడి ఏమీ అడగకుండా అట్లా చూస్తుంటే అమ్మే ఎక్కడో తెచ్చి ఇచ్చింది. ఎక్కడ తెచ్చిందో మాకు తర్వాత తెలిసింది, పుస్తెల తాడు కుదువ పెట్టింది.

జూన్‌లో ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు పనికి రమ్మన్నారు, టెస్టు రిపోర్టు తెస్తేనే గేటు లోపలికి అన్నారు. అప్పుడు ప్రైవేటు ల్యాబ్‌లో టెస్టు 2,200. అమ్మకు ఆ ఇంట్లో నెల జీతం 2,000.

జులైలో నాన్నకు జ్వరం వచ్చింది. వాసన తెలియడం లేదన్నాడు. అదేంటో మాకు తెలుసు, వీధంతటికీ తెలుసు. కానీ టెస్టుకు పోలేదు. పాజిటివ్ అని తేలితే ఇంటికి స్టిక్కర్ వేస్తారని, ఓనరమ్మ ఖాళీ చేయమంటుందని, అమ్మకు మళ్లీ దొరికిన ఒక్క పనీ పోతుందని భయం. గదిలో అమ్మ చీర అడ్డం కట్టాం, దానికి ఒక పక్క నాన్న, ఒక పక్క మేం నలుగురం. రెండు రోజులకు ఆయనే "పిల్లలకు తగుల్తది" అని చాప తీసుకుని దాబా మీదకు పోయాడు. వానాకాలం. నాలుగు ఇటుకలు పెట్టి పైన ప్లాస్టిక్ పట్టా కప్పుకుని పదకొండు రాత్రులు అక్కడే పడుకున్నాడు. నేను గిన్నెలో అన్నం పెట్టి మెట్ల మీద ఉంచి కిందకు దిగేదాన్ని, పట్టా కింద దగ్గు వినబడితే బతికే ఉన్నాడని ధైర్యం.

మీ బాబాయి గారికి ఇదే చెప్పండి మేడమ్. మాకు రాలేదని కాదు, మేం దాచుకున్నాం.

---

సెల్లార్_పైన జవాబు:

పైన చెల్లెలు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. గేటు దగ్గర రిపోర్టు అడిగినవాళ్లలో నేనూ ఉన్నాను. అదే అపార్ట్‌మెంట్ కాకపోవచ్చు, కానీ మా అసోసియేషన్‌కు అప్పుడు సెక్రటరీ నేనే, అలాంటి రూలే మేమూ పెట్టాం.

మా వాచ్‌మన్ నాగర్‌కర్నూల్ వైపు మనిషి. భార్య, ఇద్దరు పిల్లలతో సెల్లార్‌లో మెట్ల కింద గదిలో ఉండేవాళ్లు. ఒక పక్క మోటారు, ఇంకో పక్క కరెంటు మీటర్లు, కిటికీ లేదు. లాక్‌డౌన్‌లో మేమెవరం కిందకు దిగలేదు. పాలు, కూరగాయలు, గ్యాస్ బండలు, కొరియర్లు అన్నీ గేటు దగ్గర అందుకుని ప్రతి ఫ్లాట్ ముందు స్టూలు మీద పెట్టేది అతనే. మేం పాల ప్యాకెట్లు కడుక్కుని లోపలికి తీసుకున్నాం. బయటివాళ్లందరి చేతుల్లోంచి వచ్చినవి ముందు పట్టుకునే మనిషి గురించి ఒక్కరం ఆలోచించలేదు.

2021 ఏప్రిల్‌లో అతనికి దగ్గు మొదలైంది. వాట్సాప్ గ్రూప్‌లో పెద్ద టెన్షన్. తగ్గేదాకా ఊరికి పంపిద్దాం అని తేల్చారు, ఆ మెసేజ్ టైప్ చేసింది నేను. ఆ రాత్రే భార్యాపిల్లలను బండి మీద ఎక్కించుకుని వెళ్లిపోయాడు. ఊళ్లో ముసలి తల్లి ఉంది. ఆమెకు తగిలింది, పది రోజుల్లో పోయింది. అపార్ట్‌మెంట్‌లో మాకు ప్రాణనష్టం లేదని ఆ జూన్‌లో గ్రూప్‌లో అందరూ దండాలు పెట్టుకున్నారు.

ఇంకో వైపు కూడా చెప్పాలి, బాబాయి గారి మాటలో బాధ అబద్ధం కాదు. సెకండ్ వేవ్‌లో మా అన్నయ్య పోయాడు, 46 ఏళ్లు. ఐసీయూకి రోజుకు 7,500, వెంటిలేటర్ ఉంటే 9,000 అని ప్రభుత్వం 2020లోనే రేట్లు పెట్టింది కానీ మేం వెళ్లిన ఆస్పత్రిలో అడ్వాన్సే లక్షల్లో అడిగారు, బెడ్ దొరకడమే గొప్ప అనుకుని కట్టాం. పదిహేడు రోజుల తర్వాత బిల్లు కట్టడానికి ఊళ్లో ఎకరం అమ్మాం. మధ్యతరగతి కుటుంబాలు ఎన్నో ఇలాగే కుదేలయ్యాయి. కానీ అన్నయ్యకు పదిహేడు రోజులు ఆక్సిజన్ అందింది. వాచ్‌మన్ తల్లికి ఆర్‌ఎంపీ పెట్టిన సెలైన్ సీసా ఒక్కటే అందింది. అమ్ముకోవడానికి మాకు ఎకరం ఉంది, అతనికి లేదు.

---

సైట్_ఇంజనీర్ జవాబు:

బస్తీలో గదైనా ఉంది, లేబర్ క్యాంపుల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. నేను అప్పుడు గచ్చిబౌలి వైపు ఒక టవర్ పనిలో ఉన్నాను. ఝార్ఖండ్, ఒడిశా, బిహార్, బెంగాల్ కుర్రాళ్లు, రేకుల షెడ్డులో గదికి పది పన్నెండు మంది. మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి ప్రకటన, అర్ధరాత్రి నుంచి దేశం బంద్. నాలుగు గంటల్లో వాళ్లు ఎక్కడికి పోతారు? కాంట్రాక్టర్ వారం డబ్బు ఇచ్చి ఫోన్ ఆపేశాడు. వలస కూలీలకు మన ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు అంది, కొందరికి అందింది, కొందరికి లిస్టులో పేరు లేదు. రేకుల కింద ఏప్రిల్ ఎండలో పన్నెండు మంది, ఒకడికి జ్వరం వస్తే మిగతావాళ్లు రాత్రంతా బయట ఇసుక మీద కూర్చునేవాళ్లు.

లాక్‌డౌన్‌లో దేశంలో మొదటి వలస కూలీల రైలు కదిలింది మన లింగంపల్లి నుంచే, 2020 మే 1న తెల్లవారుజామున, ఝార్ఖండ్‌లోని హటియాకు, దాదాపు 1,200 మందితో. మే డే నాడు. మా సైట్ కుర్రాళ్లకు అందులో చోటు దొరకలేదు, వాళ్లలో కొందరు నాగ్‌పూర్ రోడ్డు పట్టుకుని నడవడం మొదలుపెట్టారు, ఆపలేకపోయాను.

ఇది పేద దేశం గోల అనుకోవద్దు. సింగపూర్‌లో మనవాళ్లు కూడా ఉండే వర్కర్ల డార్మిటరీల్లో అప్పుడు మూడు లక్షల ఇరవై వేల మంది దాకా ఉన్నారు, 2020 డిసెంబర్ నాటికి వాళ్లలో 47 శాతం మందికి వచ్చి పోయిందని ఆ ప్రభుత్వమే చెప్పింది. గదిలో పది మందికి పైగా, బంకు మీద బంకు, బాత్‌రూం అందరికీ ఒకటే. నగరంలో మిగతావాళ్లలో కేసులు అతి తక్కువ. కుర్రవాళ్లు కాబట్టి చావులు పెద్దగా లేవు, కానీ నెలల తరబడి ఆ గేటు దాటనివ్వలేదు. మా కజిన్ అందులో ఉన్నాడు, వీడియో కాల్‌లో బంకు మీద నుంచి కాళ్లు కిందకు దించకుండా మాట్లాడేవాడు, కింద నిలబడడానికి చోటు లేక.

---

బస్తీ_దవాఖానా_నర్సు జవాబు:

హైదరాబాద్ లెక్క నేను చెప్తాను. 2021 మొదట్లో ఇక్కడి పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఎన్ఐఎన్ వాళ్లు చేసిన సర్వేలో నగరంలో 54 శాతం మందికి రక్తంలో యాంటీబాడీలు, అంటే కరోనా వచ్చి పోయిన గుర్తులు, ఉన్నాయని తేలింది. వాళ్లలో ఎక్కువ మందికి తమకు కరోనా వచ్చి పోయిన సంగతే తెలియదు. సెకండ్ వేవ్‌కు ముందు మాట ఇది. కాబట్టి బులెటిన్ నంబర్లు పట్టుకుని ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు అని తేల్చడం కుదరదు.

నేను దగ్గరుండి చూసింది వ్యాక్సిన్. 2021 మేలో కోవిన్‌లో స్లాట్ బుక్ చేసుకుంటేనే సూది. బుక్ చేయడం అంటే చేతిలో స్మార్ట్ ఫోన్, డేటా, ఓటీపీ, స్లాట్ తెరిచిన నిమిషంలోనే నొక్కగలిగే వేలు ఉండాలి. మా బస్తీ సెంటర్‌కు పొద్దున్నే కార్లు వచ్చేవి. సిటీ ఆ చివర నుంచి స్లాట్ దొరికిందని వచ్చి వేయించుకుని వెళ్లేవాళ్లు. వాళ్ల తప్పు లేదు, వాళ్లకూ ప్రాణభయమే. కానీ ఆ సెంటర్ గోడకు ఆనుకుని ఉన్న ఇళ్లవాళ్లు వాకిట్లో నిలబడి చూసేవాళ్లు. ఇస్త్రీ బండి అతను మూడు రోజులు వరుసగా వచ్చి "అమ్మా, ఆధార్ కార్డు తెచ్చినా, ఇది సరిపోదా" అని అడిగాడు. సరిపోదు అని చెప్పాల్సి వచ్చింది. ఫ్రిజ్‌లో మందు ఉంది, ఎదురుగా మనిషి ఉన్నాడు, నాకు ఆ మాట నోట్లోంచి రావడమే కష్టమైంది. మే చివరి నుంచి ఆటోవాళ్లకు, గ్యాస్ డెలివరీ వాళ్లకు, కూరగాయలమ్మేవాళ్లకు స్లాట్ లేకుండా వేసే డ్రైవ్ పెట్టారు, అప్పుడు లైన్లు చూడాలి, ఒక్కరూ భయపడి వెనక్కి పోలేదు. బస్తీవాళ్లు వ్యాక్సిన్ వేయించుకోరు అన్న మాట కూడా అప్పుడు చాలా విన్నాను.

---

హైస్కూల్_టీచరమ్మ జవాబు:

అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. 57కీ 16కీ తేడా ఆయనకు రేపే పంపుతాను, బోరబండ అమ్మాయి ఒప్పుకుంటే ఆమె రాసింది కూడా. సెల్లార్_పైన గారూ, మీరు రాసింది మనస్ఫూర్తిగా రాశారు, అలా ఒప్పుకున్నవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు. ఆ వాచ్‌మన్ తిరిగి వచ్చాడా? అమ్మాయీ, నాన్నగారు ఎలా ఉన్నారు?

---

సెల్లార్_పైన జవాబు:

రాలేదండీ. ఆ నెల జీతం, అతని సామాన్లు నేనే ఊరికి తీసుకెళ్లి ఇచ్చాను. వాకిట్లో కుర్చీ వేశాడు, టీ ఇచ్చాడు, తల్లి మాట ఎత్తలేదు. నేను ఎత్తాను, క్షమించమన్నాను. తల వంచుకుని కూర్చున్నాడు. ఆ గదిలో ఇప్పుడు వేరే కుటుంబం ఉంటోంది. రెండేళ్లు పోట్లాడి గోడ కొట్టించి కిటికీ పెట్టించాను.

---

బోరబండ_బిడ్డ జవాబు:

పంపండి మేడమ్, పేరు లేదు కదా. నాన్న సెంట్రింగ్ మానేశాడు, రెండు అంతస్తులు ఎక్కితే ఆయాసం వస్తోంది, ఇప్పుడు ఒక ఏటీఎం దగ్గర నైట్ డ్యూటీ చేస్తున్నాడు. నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పూర్తి చేసి జీతం అందుకున్న రెండో నెల అమ్మ పుస్తెల తాడు విడిపించాం, 2023లో. అప్పటికి అసలు కంటే వడ్డీ ఎక్కువైంది. తమ్ముడు మాత్రం చదువు ఆపేశాడు, మీ రిజిస్టర్‌లో పలకని పిల్లల్లాగే, వాడూ అప్పుడు తొమ్మిదో తరగతే.